పడమటి గది కప్పు

"బడే మేస్త్రీ గుజర్ గయే సాబ్. ఆప్ కో నై మాలూమ్?"

దసరాకి వెల్ల వేయిద్దామని సున్నం కోసం వెళితే, శాలిబండ మూలమీది సున్నం దుకాణం ఆసామి తూకం వేస్తూ ఈ మాట అన్నాడు. పెద్ద మేస్త్రి పోయి అప్పటికి తొమ్మిది రోజులట. గుండెలో నొప్పి అన్నాడట, ఆస్పత్రికి తీసుకుపోయేలోగానే అయిపోయిందట. నేను "అయ్యో" అన్నాను. ఆ వెంటనే ఇంకొకటి కూడా జరిగింది, అది రాయకపోతే ఈ రాతంతా దండగ. నా గుండెల మీంచి ఏదో బరువు దిగినట్టయింది. ఇక ఆయన నాకు ఎక్కడా ఎదురుపడడు కదా అనిపించింది. డబ్బు ఇచ్చి, సున్నం బస్తా అక్కడే మరిచిపోయి ఇంటికి వచ్చాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరును ఒకసారి నేనే పాడుచేశాను. మళ్ళీ దాన్ని నా కలంతో ముట్టుకునే ముఖం లేదు. మా గల్లీలో ఆఖరి పదకొండేళ్ళు ఆయన్ని ఎవరూ పనికి పిలవలేదంటే, దానికి కారణం నేను. బతికున్నంత కాలం "మేస్త్రీ, నువ్వు" అన్నాను. నాకంటే పదేళ్ళు పెద్దవాడు. పోయాక ఇప్పుడు "ఆయన" అని రాస్తున్నాను. ఈ మర్యాద ఎవరికి కావాలి?

మాది కోస్తా. ఉద్యోగం కోసం ఈ ఊరు వచ్చి, అద్దె ఇళ్ళలో విసిగి, ఒక పాత ఇల్లు కొన్నాం. రెండు గదులు, వంటిల్లు, కాస్త పెరడు. కప్పు ఈ ఊళ్ళో అందరికీ తెలిసిన కప్పే. ఇనుప దూలాల మీద షాబాద్ బండలు, మీద పాత సున్నం. మా వైపు ఎండ చెమట పట్టించి వదిలేస్తుంది. ఇక్కడ రాయి పగలంతా కాగి, సాయంత్రం మనం ఇల్లు చేరే వేళకి ఆ వేడి మన నెత్తిన వేస్తుంది. ముందు గదిలో నేనూ, నా భార్యా, పిల్లలూ. వెనకది పడమటి గది, మా అక్కయ్యది. అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు. పెంచింది అక్కయ్యే. ఆమెకి భర్త పోయాక నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఆ గదిలో మూడు దాటాక గోడకి వీపు ఆనించలేం.

నాకు అంచనాలు వేసే జబ్బు ఉంది. పాత క్యాలెండరు కాగితాలు పారేయనివ్వను, వెనక వైపు లెక్కలకి పనికొస్తాయని. ప్రావిడెంటు ఫండులో అప్పు తీసి, ఇంటి బాగుకోసం ఒక కాగితం నిండా అంచనా వేశాను. కరెంటు తీగలు, తలుపులకి రంగు, వంటింట్లో గట్టు, కప్పు. అన్నిటికన్నా పెద్ద అంకె కప్పుదే. దాన్ని చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమనేది.

సున్నం దుకాణం ఆసామి చెబితేనే మేస్త్రి వచ్చాడు. సైదాబాద్ నుంచి సైకిలు మీద. వచ్చిన మనిషి నా కాగితం చూడలేదు. చెప్పులు కింద విడిచి, మిట్టమధ్యాహ్నం ఉత్త కాళ్ళతో కప్పు ఎక్కాడు.

"కాలుతుంది మేస్త్రీ, చెప్పులు వేసుకో," అన్నాను కిందనుంచి.

"కాలాలెనని ఎక్కిన సార్. ఏ బండ ఎంత కాలుతదో కాలుకే ఎరుక," అన్నాడు.

దిగి వచ్చి, పడమటి గది గోడకి అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. "ముందుగాల గీ రూము జేద్దాం సార్. ఇది పొయ్యి లెక్కున్నది. మీ రూము జెర నయం."

"ముందు గది ముందు. వచ్చేవాళ్ళు కూర్చునేది అక్కడే కదా," అన్నాను. అది ఇంటి యజమాని మాట అనుకున్నాను అప్పట్లో.

ఆయన పద్ధతి ముంతల కప్పు. పాత సున్నం చెక్కేసి, బండల మీద చిన్న మట్టి ముంతలు బోర్లించి వరసగా పేరుస్తారు. సందుల్లో సున్నం, ఇటుక ముక్కలు. దాని మీద బెల్లం నీళ్ళూ, కరక్కాయ నానబెట్టిన నీళ్ళూ కలిపిన సున్నం పరిచి, ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్క దిమ్మెలతో రోజుల తరబడి కొడతారు. అద్దంలా గట్టిపడేదాకా కొడుతూనే ఉంటారు. "ఖాళీ ముంతలకి డబ్బు పొయ్యడమేమిటి?" అన్నాను నేను.

"ముంత ఖాళీ గాదు సార్. దాన్ల గాలున్నది. ఎండ మీదికెళ్ళి వస్తది, గాలి కాడ ఆగుతది," అన్నాడు. ఇంకోసారి, నేను తలుపులకి ఖరీదైన రంగు అంచనాలో చేర్చడం చూసి, "గోడకు రంగేస్తే సుట్టాలు జూస్తరు సార్. కప్పేస్తే ఎవ్వరు జూడరు. అందుకే దానికి ఎవ్వరు పైసలు పెట్టరు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం తగిలింది.

కుమ్మరి బండి మీద ముంతలు తెచ్చి పెరట్లో దింపాడు. మేస్త్రి ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి చూశాడు. ఒక పూటంతా అదే పని. బీటలున్నవి పక్కన పెట్టి, "ఇయ్యి పూలకుండీలకు పనికొస్తయి అక్కమ్మా," అని మా అక్కయ్యకి ఇచ్చాడు. ఆమెని అక్కమ్మా అనేవాడు. అక్కయ్య ఆయన్ని "మేస్త్రిగారూ" అనేది. మా ఇంట్లో ఆయన్ని గారు అన్నది ఆవిడ ఒక్కతే. పదకొండు గంటలకల్లా ఆయనకి పెద్ద గ్లాసుతో మజ్జిగ కలిపి, కరివేపాకు నలిపి వేసి ఇచ్చేది. ఆయన గోడకి ఆనుకుని గొంతుక్కూర్చుని తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించేవాడు.

ఆదివారం పనికి వచ్చేవాడు కాదు. తెల్ల చొక్కా వేసుకుని చర్చికి పోయేవాడు. "ఆరిపోతుంది కదా సున్నం, ఒక్క ఆదివారం వస్తే ఏం?" అని నేను సణిగితే, "సున్నంకు తొందర్లేదు సార్, మనకే," అనేవాడు. పని విషయంలో తిప్పలు పెట్టడం, రేపు రేపని తిప్పడం ఆయనకి తెలియదు. పదింటికి వస్తానంటే పదింటికి వచ్చేవాడు.

ముందు గది కప్పు పూర్తయింది. మొదటి రోజునే తేడా తెలిసింది. సాయంత్రం ఇంటికి వస్తే ఫ్యాను నుంచి వేడి గాలి కాదు, గాలి వచ్చింది.

సరిగ్గా ఆ వారమే మా సెక్షనులో పక్క సీటాయన ఒక దరఖాస్తు కాగితం నా బల్ల మీద పెట్టాడు. ఏదో కొత్త కంపెనీ వాటాలు. ఆఖరు తేదీ శనివారం. "కప్పు మీద పోసిన డబ్బు కప్పు మీదే ఉంటుందండీ, పిల్లలు పెడుతుందా?" అన్నాడు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో! బయట దాన్ని రెండు మూడుచోట్ల నా మాటగా కూడా వాడుకున్నాను. ఇంటికి వచ్చి క్యాలెండరు కాగితం తీసి, పడమటి గది అంకె కొట్టేశాను.

మర్నాడు పెరట్లో మేస్త్రికి చెప్పాను. "వెనక గదికి ముంతలు వద్దు. పల్చగా సున్నం పూత వేసి వదిలెయ్యి. మిగిలిన ముంతలు కుమ్మరికి ఇచ్చెయ్యి."

"వాపస్ తీసుకోడు సార్. ముంతలకు పైసలిచ్చిండ్రు, పెరట్ల ఉన్నయి. ఎయ్యనియ్యిండ్రి."

"ముంతలు ఒక్కటే కాదుగా. మీద సున్నం ఎవరిస్తారు? వారం రోజులు కొట్టే కూలీ ఎవరిస్తారు?"

"అక్కమ్మ రూము పడమర దిక్కు సార్," అన్నాడు మెల్లిగా.

"నేను చెప్పింది చెయ్యి."

అప్పుడే అక్కయ్య మజ్జిగ గ్లాసుతో పెరట్లోకి వచ్చింది. ఆమెకి మా మాటలు వినపడలేదు. "మేస్త్రిగారూ, నా గది మీద కూడా ముంతలు పేరుస్తారుగా? ముందు గదిలోకి వెళితే ప్రాణం లేచి వస్తోందయ్యా," అంది.

మేస్త్రి నా వంక చూశాడు. నేను అక్కయ్య వంక చూసి, "ఎందుకు పేర్చరక్కయ్యా, రెండు గదులకీ ఒకే కప్పు," అన్నాను. నవ్వి కూడా అన్నాను. మేస్త్రి గ్లాసు తీసుకుని తల వంచుకుని తాగాడు.

నా భార్యా పిల్లలూ వేసవి సెలవలకని పుట్టింటికి వెళ్ళారు. నేను ఆఫీసు పని మీద ఏడు రోజులు నిజామాబాద్ వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి పని ముగిసింది. పెరట్లో ముంతలు లేవు.

"ముంతలేవి మేస్త్రీ? కుమ్మరి తీసుకున్నాడా?"

"లేదు సార్." తాపీ తట్టలో పెట్టాడు. "పగిలినయి."

"అన్నీనా? పెంకులేవి?"

ఆయన చేతికి అంటిన సున్నం దులుపుకున్నాడు. ఆ మనిషికి అబద్ధం చెప్పడం రాదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. కానీ ఆ ముఖంలో నేను చూసింది దొంగతనం. అక్కయ్యని అడిగితే ఒక్క నిమిషంలో తేలేది. ఎలా అడగను? మిగిలిపోయిన ముంతలేవని అడిగితే, ఆమె గది మీద పెట్టించలేదని ఒప్పుకున్నట్టే కదా. ఆయన్ని వాకిలి బయటికి తీసుకుపోయి, గొంతు తగ్గించి, "ఇంకో ఇంటికి అమ్ముకున్నావన్నమాట," అన్నాను. ఆఖరి వారం కూలి ఇవ్వనన్నాను.

"మీ ఇష్టం సార్," అన్నాడు. కుళాయి దగ్గర తాపీ, తట్ట కడుక్కున్నాడు. లోపలికి వెళ్ళి, "పోయొస్త అక్కమ్మా," అని చెప్పాడు. ఆమె ఒక సీసాలో మాగాయ పెట్టి ఇచ్చింది. సైకిలు హ్యాండిలుకి ఆ సంచీ తగిలించుకుని పోయాడు.

ఆ సాయంత్రం నేను కప్పు ఎక్కి చూశాను కూడా. ముంతలు లేని కప్పు ముందు గదికన్నా జానెడు కిందికి ఉండాలి. రెండూ సమానంగా ఉన్నాయి. నున్నగా ఉంది, బాగుంది అనుకుని దిగాను. రూపాయికి రూపాయి సరిచూసే నాకు ఆ జానెడు కనబడలేదు.

మూడిళ్ళ అవతల ఒక రిటైరైన హెడ్మాస్టరుగారు ఉన్నారు. తన ఇంటి కప్పు కూడా మా మేస్త్రికే ఇద్దామనుకుంటూ నన్ను అడిగారు. "పని బాగా చేస్తాడండి. సామాను మీద మాత్రం ఒక కన్నేసి ఉంచండి," అన్నాను. అంతే అన్నాను. ఇదే మాట ఇంకో ఇద్దరితో అన్నాను. గోల చెయ్యలేదు, తిట్టలేదు, చాలా పెద్దమనిషి తరహాలో అన్నాను. ఆ ఏడాది మా గల్లీలో నాలుగు కప్పులు పడ్డాయి, నాలుగూ వేరేవాళ్ళే వేశారు. ఆయనకి బోర్డు లేదు, కాగితాలు లేవు. ఒక ఇంటివాళ్ళు ఇంకో ఇంటివాళ్ళకి చెప్పే మాట ఒక్కటే ఆయన ఆస్తి.

అక్కయ్య మాత్రం ఆ వేసవంతా మధ్యాహ్నం హాయిగా నిద్రపోయింది. ఎవరు వచ్చినా గదిలోకి తీసుకుపోయి, "చూశారా, ఎంత చల్లగా ఉందో. తమ్ముడు నాకూ ముంతల కప్పు వేయించాడు," అనేది. పాపం, నమ్మకం మనిషిని ఎంత చల్లబరుస్తుందో అనుకునేవాణ్ణి. నవ్వుకునేవాణ్ణి కూడా. నేను ఆ గదిలోకి వెళ్ళి మధ్యాహ్నం పూట ఒక్కసారైనా కూర్చుని ఉంటే తెలిసేది. కూర్చోలేదు.

ఆ వాటాలు మునిగిపోయాయని రాయగలిగితే ఈపాటికి చదివేవాళ్ళకి కాస్త తృప్తిగా ఉండేది. మునగలేదు. బాగా పెరిగాయి. ఎనిమిదేళ్ళకి ఆ డబ్బుతోనే ముందు గది మీద మేడ గది మొదలుపెట్టాను. దాని వెనక గోడ లేపడానికి పడమటి గది కప్పు అంచున రెండడుగులు తవ్వాలన్నారు. కొత్త మేస్త్రి కుర్రవాడు. పదింటికి నన్ను పైకి పిలిచాడు.

"ఈ కప్పు ఎవలేసిండ్రు సార్? జూడుండ్రి, ఒక్కటంటే ఒక్కటి పగల్లే."

వంగి చూశాను. సున్నం కింద ముంతలు, బోర్లించి, వరసకి పదకొండు చొప్పున, పడమటి గోడ దాకా. వేలితో ఒకదాన్ని కొట్టాను. ఖంగుమంది.

ఆయన నా అబద్ధాన్ని పట్టుకుని నిలదీయలేదు. దాన్ని నిజం చేసి పోయాడు. దానికి నేను ఆయన్ని దొంగ అన్నాను.

అప్పటికి ఆయన బతికే ఉన్నాడు. ఇదీ నేను చెప్పాల్సిన అసలు సంగతి. సైదాబాద్ ఏమీ కాశీ కాదు, బస్సెక్కితే అరగంట. వెళ్ళాల్సింది. నేను చేసింది ఏమిటంటే, "గబగబా పూడ్చెయ్యండి, వాన వచ్చేలా ఉంది," అని కూలీలని తొందరపెట్టడం. ఎవరికీ చెప్పలేదు. నా భార్యకి చెప్పలేదు, అక్కయ్యకి అసలే చెప్పలేదు.

పదిహేను రోజుల తర్వాత మేడ గది గృహప్రవేశానికి పూలు కొందామని గుడిమల్కాపూర్ వెళ్ళాను. అక్కడ ఒక కొట్టు ప్రహరీకి ఎవరో ముసలాయన వెల్ల వేస్తున్నాడు. వెనక్కి తిరిగాడు. ఆయనే. కనుబొమ్మల మీద సున్నం చుక్కలు. అలాంటి కప్పులు వేసిన చేతిలో వెల్ల కుంచె.

"నమస్తే సార్. బాగున్నరా? అక్కమ్మ బాగున్నదా? రూము సల్లగుంటుందా?"

మూడో ప్రశ్న అడిగి, నా ముఖం కేసి చూశాడు. ఎదురుచూశాడు. నోటి దాకా వచ్చింది. "బాగుంది, బాగుంది. బస్సుకి టైమైపోతోంది మేస్త్రీ," అన్నాను. పూలు బేరమాడకుండా కొన్నది నా జన్మలో ఆ ఒక్కరోజే. మళ్ళీ ఆయన్ని చూడలేదు.

సున్నం దుకాణంలో కబురు విన్న మర్నాడు సైదాబాద్ వెళ్ళాను. ఆనాడు ఎగ్గొట్టిన వారం కూలి ఒక కవరులో పెట్టుకున్నాను. దానికి ఎంత కలిపితే ఏం? ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు, ఆ బస్తీలో ఆయన్ని తెలియనివాళ్ళు లేరు. ఆయన భార్య గడప దగ్గర కూర్చుని ఉంది. నేను ఫలానా ఇంటివాణ్ణని చెప్పాను.

"అక్కమ్మ ఇల్లా?" అంది.

ఎలా మొదలుపెట్టాలో తెలియక, కూర్చోకుండానే చెప్పేశాను. "అమ్మా, నేను ఆయన్ని దొంగ అన్నాను. మూడేళ్ళ కిందట కప్పు తవ్వితే ముంతలు కనపడ్డాయి. కనపడ్డాక కూడా వచ్చి చెప్పలేదు."

ఆమె ఆశ్చర్యపోలేదు. "నాకెరుకనే సార్. ఆ సున్నం నేనే కొట్టిన. మీరు ఊర్లె లేనప్పుడు ఆరు దినాలు ఆయన, నేను. సున్నం ఉద్దెర తెచ్చిండు, కూలోళ్ళకు ఇచ్చేతందుకు పైసలు లేకుండె."

"మరి నాకు చెప్పలేదేం?"

"ఏసిన అని చెప్తే, మీరు అక్క ముంగట ఆడిన అబద్ధం పట్టుకున్నట్టయితది, సార్ మొఖం చిన్నగయితది అన్నడు." చీర కొంగుతో మోకాలు కప్పుకుంది. "పనులు బంద్ అయినంక నేను మస్తు లొల్లి జేసిన. పో, పోయి కప్పు తవ్వి సూపెట్టు, నీ ఇజ్జత్ నీకొస్తది అన్న. ఇనలే. తవ్వితే ముంతలు పలుగుతయి, అక్కమ్మకు ఎండ తగుల్తది అన్నడు."

కవరు జేబులోంచి తీయలేకపోయాను. అక్కడ దాన్ని బయటపెట్టడం కూడా ఇంకో అవమానమే అనిపించింది. తర్వాత సున్నం దుకాణం ఆసామి చేత పంపాను. ఆమె తీసుకుందట.

గల్లీకి తిరిగి వచ్చి తిన్నగా హెడ్మాస్టరుగారింటికి వెళ్ళాను. నేను వేసిన నిందని మొదలుపెట్టిన చోటు నుంచే వెనక్కి తీసుకుందామని. అంతా చెప్పాను. ఆయనకిప్పుడు వినికిడి తగ్గింది, కొంచెం గట్టిగానే చెప్పాను.

"ఏ మేస్త్రి అండీ?" అన్నారు.

మళ్ళీ చెప్పాను. "మనిషి గుర్తు రావడం లేదు. ఎందుకో ఆయన్ని వద్దనుకున్నాం, అది మాత్రం లీలగా గుర్తుంది," అన్నారు. కాఫీ తాగి వెళ్ళమన్నారు. మిగతా ఇద్దరిలో ఒకరు ఇల్లు అమ్ముకుని వెళ్ళిపోయారు, ఇంకొకరు లేరు.

మిగిలింది అక్కయ్య. ఆమెకిప్పుడు డెబ్బై దాటాయి. మర్నాడు భోజనమయ్యాక, ఆమె పడుకోవడానికి లేచే ముందు, ఎదురుగా కూర్చుని చెప్పాను. ముంతలు, వాటాలు, నిజామాబాద్, వాకిలి బయట అన్న మాట, తవ్వకం, సైదాబాద్, అన్నీ. నా చిన్నప్పుడు తప్పు చేస్తే కొట్టేది. కొడితే బాగుండునని నిజంగా అనుకున్నాను. ఆమె కంచంలో చెయ్యి కడుక్కుని, "ఆయన నన్ను ఎప్పుడైనా అడిగాడురా?" అంది.

"అడిగాడు. గుడిమల్కాపూర్‌లో. నీ గది చల్లగా ఉంటోందా అని."

"నాకు చెప్పలేదే మరి."

ఆమె గోడ పట్టుకుని లేచి తన గదిలోకి వెళ్ళింది. చాప చుట్టుకుని మళ్ళీ బయటికి వచ్చింది. వసారా దాటి, రెండు గంటల ఎండ పడుతున్న వాకిట్లో పరుచుకుని, గోడకి వీపు ఆనించి కూర్చుంది. కొంగు నెత్తి మీదికి లాక్కోలేదు. దసరా నాళ్ళయినా ఇక్కడి ఎండ చురుక్కుమంటుంది. నా భార్య కంగారుగా వచ్చి, "ఇదేమిటి వదినా, ఎండలో, లోపలికి రండి," అంటోంది. అక్కయ్య కదలలేదు. నేను గడపలో నిలబడి చూస్తున్నాను. లోపల ఆమె గది చల్లగానే ఉంది.